చుట్టపుచూపు పాలన

మంత్రి వస్తున్నారన్న సంగతి హైదరాబాద్ శివారు కాలనీకి ముందురోజు రాత్రే తెలిసిపోతుంది. నెలల తరబడి నోరు తెరుచుకున్న గుంతల్లో కంకరపొడి పడుతుంది. ఎన్నిసార్లు ఫోను చేసినా వెలగని వీధి దీపం వెలుగుతుంది. తెల్లవారేసరికి రోడ్డుకు రెండువైపులా బ్లీచింగ్ గీత, ఎవరో ముగ్గు వేసినంత తిన్నగా. నిన్నటిదాకా చెత్తకుప్ప ఉన్నచోట ఇవాళ షామియానా. కాన్వాయ్ వెళ్లిన మర్నాడు అదే వీధికి వెళ్లి చూడండి. బండి చక్రాలకు తగులుకుని కంకర పక్కకు చెదిరిపోయి ఉంటుంది, చెత్త తన పాత చోటుకు తాను వచ్చేసి ఉంటుంది. రాత్రికి రాత్రి ఇంత పని చేసింది, నిధులు లేవు, మనుషులు లేరు అని మొన్నటిదాకా జనాన్ని తిప్పి పంపిన ఆ యంత్రాంగమే.

మంత్రులు జనం మధ్యకు వెళ్లడం తప్పని ఎవరూ అనరు. మోకాలి లోతు మురుగు ఎలా ఉంటుందో సచివాలయంలో కూర్చునేవారికి తెలియడం మంచిదే, మంత్రి ఎదుట నిలబెడితే తప్ప కదలని అధికారులు ఉన్నారన్నదీ నిజమే. అంతవరకు ఒప్పుకుంటాం. అయితే షామియానా కింద మంత్రి కూర్చున్న ఆ కుర్చీ ఎవరిది? వార్డు ప్రజలు ఓటేసి ఎన్నుకోవలసిన మనిషిది. ఆ మనిషి లేడు. అతడిని లేకుండా చేసినవారే వచ్చి, ఆ ఖాళీలో కూర్చుని, దానికి ప్రజల వద్దకు పాలన అని పేరు పెట్టుకోవడమే మాకు మింగుడుపడడం లేదు.

హైదరాబాద్ చుట్టూ ఉన్న మున్సిపాలిటీలకు 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి. పాలకమండళ్ల గడువు 2025 జనవరి చివరికి తీరిపోయింది. ప్రత్యేకాధికారులు వచ్చారు, ఎన్నికలు రాలేదు. అదే ఏడాది డిసెంబరులో 20 మున్సిపాలిటీలను, ఏడు కార్పొరేషన్లను గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిపేశారు. మణికొండ, నార్సింగి, నిజాంపేట, బోడుప్పల్, పీర్జాదిగూడ, మీర్‌పేట, అమీన్‌పూర్, ఇలా 27 ఊళ్లు. తమ ఊరి మున్సిపాలిటీ ఉండాలా, పోవాలా అని కూర్చుని మాట్లాడుకోవడానికి, ఒక తీర్మానం చేసుకోవడానికి అక్కడ పదవిలో ఉన్న కౌన్సిలర్లే లేరు. ఇక జీహెచ్‌ఎంసీ పాలకమండలి గడువు కూడా 2026 ఫిబ్రవరి 10తో సరి. అంటే విలీనమైన కాలనీలు పాత కౌన్సిలర్‌ను పోగొట్టుకున్నాయి, కొత్త కార్పొరేటర్ ముఖం చూడలేదు. ఇంటి పన్ను నోటీసు మాత్రం ఠంచనుగా వస్తుంది.

రాజ్యాంగం ఈ విషయంలో గొణగలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణ, మున్సిపాలిటీ గడువు అయిదేళ్లేననీ, అది ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలనీ 243-యు అధికరణలో రాసింది. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో 2006లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటనే మరింత గట్టిగా చెప్పింది. వార్డుల పునర్విభజన, ఓటర్ల జాబితా వంటి పనులను సాకుగా చూపి ఎన్నికను వాయిదా వేయడం కుదరదంది. ఇక్కడ వినిపిస్తున్న సాకులు ఏమిటో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మా భయమల్లా ఇది ఆనవాయితీగా స్థిరపడిపోతుందేమోనన్నదే. భయం అనడం కూడా మొహమాటమే, సగం స్థిరపడిపోయింది. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986 తరువాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. ఎల్బీ నగర్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లితో సహా 12 శివారు మున్సిపాలిటీలను 2007 ఏప్రిల్‌లో కలిపి జీహెచ్‌ఎంసీని చేశారు. మొదటి ఎన్నిక 2009 నవంబరులో జరిగింది. రెండున్నరేళ్లు ఆ శివార్లు అధికారుల ఏలుబడిలో ఉన్నాయి. ఆ పాలకమండలి గడువు 2014 చివర్లో ముగిస్తే మళ్లీ ఓటు వేయనిచ్చింది 2016 ఫిబ్రవరిలో. ఒక్కోసారి ఒక్కో పార్టీ గద్దె మీద ఉంది. ఒక్కోసారి ఒక్కో పార్టీ ప్రతిపక్షంలో కూర్చుని ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని గుండెలు బాదుకుంది. మొన్న ఆలస్యం చేసినవారిని చూపి ఇవాళ్టివారు ఆలస్యం చేస్తున్నారు. రేపటివారు వీరిని చూపిస్తారు. ఆనవాయితీ అంటే ఇదే.

ఆ ఖాళీని నింపడానికి ప్రతి ప్రభుత్వమూ జనం మధ్యకు వెళ్లే కార్యక్రమం పేరిట ఒక తిరునాళ్లను కనిపెట్టింది. 1997లో జన్మభూమి, ఆ తరువాత రచ్చబండ, 2020లో పట్టణ ప్రగతి, 2023 చివర్లో ప్రజాపాలన. పేర్లు మారాయి, బల్ల మీద గుడ్డ రంగు మారింది. బల్లకు ఇవతల నిలబడేవారు మారలేదు. ప్రజాపాలన పది రోజుల్లో కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దాన్ని ప్రభుత్వం ఘనతగా చెప్పుకుంది. ఒక రాష్ట్రంలో అంతమంది జనం కాగితం పట్టుకుని వరుసలో నిలబడవలసి వచ్చిందంటే, అది ఘనతో కాదో మంత్రులే ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆ వరుసలో నిలబడే పెద్దాయనను మీరూ చూసే ఉంటారు. చేతిలో పాలిథిన్ సంచి. అందులో అర్జీ, దానికి ముందు పెట్టిన అర్జీ నకలు, దాని రసీదు, అంతకు ముందుదాని రసీదు. మడతల దగ్గర కాగితం పిగిలిపోయింది. మంత్రి అర్జీ అందుకుంటారు, పక్కనున్న కమిషనర్‌కు ఇస్తారు, ఆయన వెనకనున్న ఇంజినీరుకు ఇస్తారు, కెమెరా ఈలోగా ముందుకు వెళ్లిపోతుంది. పెద్దాయన సంచిలోకి ఇంకో రసీదు చేరుతుంది. నగరం చెత్త పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు కంపు గురించి అర్జీ అందుకోని ప్రభుత్వం ఏదైనా ఉందా? కార్పొరేటర్ అయితే మర్నాడు పొద్దున పాల ప్యాకెట్టుకు వెళ్లినప్పుడు ఎదురుపడతాడు. నిలదీయవచ్చు, తిట్టవచ్చు, అయిదేళ్లకు దింపేయవచ్చు. మంత్రిని ఏ పాలబూత్ దగ్గర పట్టుకోవాలి?

ఇంకో సంగతి ముందు వరుస కుర్చీలు చూస్తే తెలుస్తుంది. వార్డులో ఓడినవారు, అసలు పోటీయే చేయనివారు, పార్టీ నియమించిన ఇన్‌ఛార్జీలు మైకు పట్టుకుని కాలనీ తరఫున మాట్లాడుతుంటారు. ఏ వీధికి సీసీ రోడ్డు ముందు వేయాలో వారే చెబుతారు. ఏ సంక్షేమ సంఘానికి మంత్రితో మాట్లాడే అవకాశం దక్కాలో వారే తేలుస్తారు. ఎవరి ఓటూ అడగకుండా కార్పొరేటర్ హోదా అనుభవించడం ఇంత సులువైనప్పుడు ఎన్నికలు కావాలని వారెందుకు కోరుకుంటారు? ఇక్కడా ఆనవాయితీ భయమే. ఒక్కసారి రుచి మరిగితే వదలరు.

మంత్రులకు నిజంగా కాలనీవాసుల మాట వినాలని ఉంటే చట్టంలో దారి ఉంది. విలీనానికి ముందు ఈ ఊళ్లకు వర్తించిన 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది. యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో ఒక్కోదానిలో 15 మంది. వార్డుకు అరవై మంది పౌరులన్నమాట. మీ వార్డులో ఆ అరవై మంది ఎవరో చెప్పమని కాలనీలో ఎవరినైనా అడిగి చూడండి. కమిటీలను కాగితం మీద పడుకోబెట్టి, షామియానాలో జనాభిప్రాయ సేకరణ అంటే నమ్మడానికి శివారు జనం అంత అమాయకులు కారు. వాళ్లు ట్యాంకరు కోసం అర్ధరాత్రి మేలుకుని బతుకుతున్నవాళ్లు.

గుంతలు పూడ్పించడానికి మంత్రి దాకా వెళ్లవలసి రావడం సిగ్గుపడవలసిన విషయం. దాన్ని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించుకోవడం ఇంకా సిగ్గుచేటు. చుట్టపుచూపుగా వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లే అయ్యవార్లకు ఒక్కటే చెబుతున్నాం. ఈసారి వచ్చేటప్పుడు ఎన్నికల తేదీ పట్టుకుని రండి. అది తేలేకపోతే, ఆ బ్లీచింగ్ గీతనైనా మీ కారు తిరగని వెనక సందు దాకా పొడిగించమని చెప్పి వెళ్లండి.