"సింక్ అయింది: ఇప్పుడే"

మొహంలో ఏ మార్పూ లేకుండా అబద్ధం ఆడగలిగినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్లందరినీ కాసేపు పక్కన పెట్టండి. మీ ఫోన్ తీసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అకౌంట్స్ నొక్కి, క్యాలెండర్ అన్నచోట ఏం రాసుందో చూడండి. "చివరిగా సింక్ అయింది: ఇప్పుడే." అంటే ఫోన్‌లో ఉన్నదీ కంప్యూటర్‌లో ఉన్నదీ ఇప్పుడే ఒకటయ్యాయని. పక్కన రెండు బాణాలు గుండ్రంగా ఓ చుట్టు తిరిగి, ఘనకార్యం చేసినట్టు ఆగిపోతాయి. ఇప్పుడు కంప్యూటర్ తెరవండి. పొద్దున్నే మీరు అందులో రాసుకున్న "నాన్నకి షుగర్ టెస్ట్, పరగడుపున" అన్న మాట ఫోన్‌లోకి వచ్చిందా? రాలేదు. మరి ఇప్పుడే అయిందన్నది ఏమిటి? ఎవరితో ఎవరికి అయింది?

మళ్లీ నొక్కండి. మళ్లీ బాణాలు తిరుగుతాయి. మళ్లీ "ఇప్పుడే". నొక్కిన ప్రతిసారీ ఇప్పుడే. రాలేదని చెప్పే ధైర్యం లేనివాడు వచ్చేసిందని చెప్పి ఫోన్ పెట్టేస్తాడే, ఆ జాతి మాట ఇది. అయినా మనం నొక్కుతూనే ఉంటాం. కాసేపటికి వేలు పైనుంచి కిందికి లాగి చూస్తాం. తర్వాత ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. ఆ తర్వాత అకౌంట్ మొత్తం తీసేసి మళ్లీ పెడతాం. పెట్టాక ఏమవుతుంది? పెళ్లిరోజు రెండుసార్లు కనిపిస్తుంది. షుగర్ టెస్ట్ మాత్రం రాదు.

రెండు క్యాలెండర్లూ ఒకే మాట చెప్పాలని కోరుకోవడం అత్యాశ అయితే ఊరుకుందుము. కాదు. 1996లో పామ్ పైలట్ అని అరచేతిలో పట్టే యంత్రం ఒకటి వచ్చింది. దాన్ని కంప్యూటర్‌కి వైరుతో కలిపిన స్టాండులో నిలబెట్టి, హాట్‌సింక్ అనే ఒకే ఒక్క బటన్ నొక్కితే, ఇటు రాసింది అటూ అటు రాసింది ఇటూ చేరేవి. అప్పట్లో మన ఊళ్లలో ఫోన్ మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్ ముందు నిలబడేవాళ్లం. ఆ కాలంలో అయిన పని ఇప్పుడు అవ్వదట.

ఎందుకవ్వదు? అందరూ ఒప్పుకున్న పద్ధతి లేకనా? ఉంది. క్యాలెండర్‌లో ఒక విషయాన్ని ఏ రూపంలో రాస్తే ఇంకో క్యాలెండర్‌కి అర్థమవుతుందో 1998లోనే ఐక్యాలెండర్ పేరుతో తేల్చేశారు. సర్వర్‌లో ఉన్నదాన్ని అన్ని యంత్రాలూ ఎలా పంచుకోవాలో 2007లో కాల్‌డావ్ పేరుతో రాసిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. రోడ్డు వేశారు, లైట్లు పెట్టారు, రిబ్బన్ కత్తిరించారు. ఆ తర్వాత ఎవరి ఇంటి ముందు వాళ్లు అడ్డంగా గోడ కట్టుకున్నారు.

ఐఫోన్‌లో కాల్‌డావ్ 2009 నుంచే ఉంది. ఆండ్రాయిడ్‌లో కావాలంటే ఎవరో బయటివాళ్లు చేసిన యాప్ వెతికి పెట్టుకోవాలి. విండోస్‌లో ఏళ్ల తరబడి మనం వాడిన మైక్రోసాఫ్ట్ మెయిల్, క్యాలెండర్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌కి అసలు ఆ పేరే తెలియదు, దానికీ ఓ తోక తగిలించుకోవాలి. 2013 మార్చిలో గూగుల్, కాల్‌డావ్‌ని ఇకమీదట తాను ఎంచుకున్నవాళ్లకే ఇస్తానని ప్రకటించింది. జనం తిట్టిపోశాక జూన్‌లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఔట్‌లుక్‌కీ తన క్యాలెండర్‌కీ వంతెనగా తనే ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్‌ని 2014లో పూర్తిగా ఆపేసింది. మైక్రోసాఫ్ట్ వంతు రాదా? విండోస్‌లో మెయిల్ అండ్ క్యాలెండర్ అని తేలిగ్గా, ఎవరి జోలికీ పోకుండా పనిచేసే యాప్ ఒకటి ఉండేది. 2024 డిసెంబరు 31తో దానికి మంగళం పాడి, అందరూ కొత్త ఔట్‌లుక్‌లోకి పదండి అన్నారు. మనకి అలవాటైన ఏ వస్తువునీ ఉంచకూడదని ఈ రెండు కంపెనీలూ కూడబలుక్కున్నాయో ఏమో.

ఒక విషయం రెండుసార్లు ఎందుకు కనిపిస్తుందో కూడా చెబుతాను, ఇంత కోపంలోనూ విజ్ఞానం పంచడం నా ధర్మం. క్యాలెండర్‌లో రాసిన ప్రతిదానికీ లోపల ఒక గుర్తింపు నంబర్ ఉంటుంది. కంప్యూటర్ నుంచి ఫైలుగా తీసి ఫోన్‌లోకి ఎక్కించేటప్పుడు కొన్ని ప్రోగ్రామ్‌లు పాత నంబర్ పారేసి కొత్తది ఇస్తాయి. అంతే, రెండూ వేరు వేరు పెళ్లిరోజులైపోతాయి. ఇక పుట్టినరోజుల సంగతి. జీమెయిల్ కాంటాక్ట్స్ నుంచి ఒకటి, ఫోన్ కంపెనీవాళ్ల సొంత అకౌంట్ నుంచి ఒకటి, ఆఫీసు అకౌంట్ నుంచి ఒకటి. ఎప్పుడో గ్యాస్ స్టవ్ బాగుచేసి వెళ్లిన మెకానిక్ పుట్టినరోజు ముమ్మారు గుర్తుచేస్తుంది. తాతగారి ఆబ్దికం మాత్రం ఒక్కసారీ గుర్తుచెయ్యదు. ఎందుకంటే అది తిథి ప్రకారం రావాలి. "రోజూ, వారానికోసారి, నెలకోసారి, ఏడాదికోసారి" అన్న నాలుగు మాటలకి మించి ఫోన్ క్యాలెండర్‌కి రావు. ఇంగ్లీషు నెలలు కాని లెక్కల్లోనూ తేదీలు తిరిగి వచ్చేలా ఐక్యాలెండర్‌కి 2015లోనే నిబంధన చేర్చారు. కాగితం మీద.

అసలు కథ ఇంకా చెప్పలేదు. ఈ సింక్ అనేది ఒక కుటుంబంలో దూరితే ఏమవుతుందో చూడాలంటే గృహప్రవేశం చూడాలి. ఇల్లు బాచుపల్లిలో, బావమరిది డాలస్‌లో. మాఘమాసం, ఆదివారం, తెల్లవారుజామున 5:10కి ముహూర్తం. అందరికీ ఒకేసారి తెలియాలని బావమరిది డాలస్‌లో కూర్చుని, కుటుంబమంతా చూసే క్యాలెండర్‌లో "గృహప్రవేశం, ఆదివారం, 5:10" అని కొట్టాడు. ఏ దేశం 5:10 అన్నది ఆ పెట్టె అడిగితే కదా. డాలస్‌లో ఉన్నాడు కాబట్టి డాలస్ 5:10 అనుకుంది. హైదరాబాద్ ఫోన్లన్నిట్లో అది ఆదివారం సాయంత్రం 4:40 అయి కూర్చుంది.

ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఏమిటో తెలుగువాళ్లకి చెప్పాలా? రాహుకాలం. పెద్ద మామయ్యగారు ఫోన్ చూసుకుని లేచారు. "రాహుకాలంలో కొత్త ఇంట్లో కాలు పెట్టమన్న పంతులెవడయ్యా?" పంతులుగారికి ఆ మాట చేరింది. ఆయన ఊరుకుంటారా? "నేను పెట్టింది తెల్లవారుజామున. శుభలేఖ చూసుకోండి. మీ ఫోన్ ఏ సిద్ధాంతి దగ్గర చదువుకుందో నాకేం తెలుసు?" అన్నారు. బావమరిదికి ఫోన్ కొట్టారు. "నా దాంట్లో కరెక్టుగానే ఉంది బావా, 5:10" అన్నాడు. నిజమే, వాడి దాంట్లో కరెక్టే. తర్వాత ఎవరో చెబితే టైమ్ జోన్ ఇండియాకి మార్చాడు. వెంటనే వాడి తెర మీద గృహప్రవేశం శనివారం సాయంత్రం 5:40కి జరిగిపోయింది. లెక్క ప్రకారం అదీ కరెక్టే. కానీ వాడు హడలిపోయి మళ్లీ పాతదే పెట్టేశాడు. ఈ రెండు మార్పుల్లో ఇంటాయన ఫోన్ ఒకటి అందుకుంది, ల్యాప్‌టాప్ రెండోది అందుకుంది, టిఫిన్లు చెప్పే బాధ్యత ఉన్న ఆడపడుచు ఫోన్ రెంటినీ అందుకుని రెండూ చూపించింది. ఆవిడ రెండు పూటలకీ ఉప్మా చెప్పేసింది.

ఆదివారం తెల్లవారుజామున పంతులుగారు వచ్చారు, ఆయనకి కాగితం పంచాంగం ఉంది. ఆవు వచ్చింది, దానికి ఏ అకౌంటూ లేదు. పాలు పొంగాయి. పెద్ద మామయ్యగారు రాహుకాలం దాటనిచ్చి, సాయంత్రం ఆరు తర్వాత పట్టుబట్టలతో దిగి, గుమ్మం దగ్గర షామియానా విప్పుతున్నవాళ్లని దబాయించారు. అంతకుముందే డాలస్ నుంచి అందరూ తలస్నానాలు చేసి, తమ 5:10కి వీడియో కాల్‌లో కూర్చున్నారు. వాళ్లకి కనిపించింది ఖాళీ హాలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, రెండో విడత ఉప్మా ఎవరికి పెట్టాలో తెలియని వంటమనిషి. వాళ్లందరి ఫోన్లలోనూ ఆ క్షణాన ఒకే మాట ఉంది. సింక్ అయింది, ఇప్పుడే.

పండగ ఏ రోజో తేలక దృక్ సిద్ధాంతం వాళ్లూ పూర్వ సిద్ధాంతం వాళ్లూ వాదించుకుంటే మనం నవ్వుతాం. వాళ్లు తమది ఏ లెక్కో పంచాంగం మీద అచ్చేసి మరీ చెబుతారండీ. ఈ పెట్టెలు ఆ మర్యాద కూడా పాటించవు. ఇక "హాయిగా గోడ క్యాలెండర్ వాడుకోవచ్చుగా" అని సలహా ఇవ్వబోయేవాళ్లు ఆగండి. గోడ క్యాలెండర్ మా ఇంట్లోనూ ఉంది, గ్యాస్ బండ వచ్చిన తేదీలు దాని మీదే ఉన్నాయి. దాన్ని చంకలో పెట్టుకుని మెట్రో ఎక్కలేను.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ మరునాడే మన రాత్రి ఎనిమిదిన్నర మీటింగ్ తొమ్మిదిన్నరకి మారిపోతుంది. కంప్యూటర్‌లో మారుతుంది, ఫోన్‌లో మారుతుంది. ఒక్క నిమిషం తేడా రాదు, రెండోసారి కనిపించదు, ఎవరూ ఏ బాణాలూ నొక్కక్కర్లేదు. మీ లాటరీ టికెట్ గెలిచింది అన్న దొంగ ఆహ్వానాలు 2019లో గూగుల్ క్యాలెండర్లని ముంచెత్తాయి. అవి కూడా ఎవరూ అడక్కుండానే అన్నిట్లోకీ చక్కగా దూరాయి. అంటే సింక్ చెయ్యడం వీళ్లకి బ్రహ్మాండంగా వచ్చు. ఆఫీసు మీ టైము తీసుకోవాలంటే వచ్చు, మోసగాడు మీ దగ్గరికి రావాలంటే వచ్చు. మీ నాన్న షుగర్ టెస్ట్ దగ్గరికొచ్చేసరికి టెక్నాలజీకి జ్వరం వస్తుంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆఫీసు క్యాలెండర్ ఫోన్‌లో కనపడాలంటే చాలా కంపెనీలు ఒక అనుమతి అడిగేవి, ఇప్పటికీ అడిగేవి ఉన్నాయి. ఆ తెర మీద ఏం రాసుంటుందో ఎవరైనా చదివారా? ముందుగా చెప్పకుండానే ఈ ఫోన్‌లోని డేటా అంతా చెరిపేసే అధికారం. అంతా. ఆఫీసు డేటా అని కాదు. సోమవారం పదకొండింటికి మీటింగ్ ఉందో లేదో చూసుకోవడానికి, నా డబ్బుతో నేను కొనుక్కున్న ఫోన్‌లో మా అమ్మ ఫొటోలు చెరిపే హక్కు మీకెందుకివ్వాలి? రేపు ఉద్యోగంలోంచి తీసేసిన రోజున పిల్లదాని మొదటి అడుగుల వీడియో కూడా లాక్కుంటారా? ఇప్పుడు ఆఫీసు భాగాన్ని ఫోన్‌లో విడిగా ఉంచే పద్ధతి వచ్చింది, దాన్నే చెరుపుతాం అంటున్నారు. సంతోషం. కానీ ఆఫీసు ఒప్పుకుంటే తప్ప ఆ భాగంలో ఉన్న క్యాలెండర్‌ని బయటి క్యాలెండర్ చూడలేదు. ముందు ఇల్లు మొత్తం తగలబెట్టే అగ్గిపెట్టె అడిగారు. కాదంటే మధ్యలో గోడ కట్టారు. రాత్రి తొమ్మిదిన్నరకి మోగే మీటింగ్ మాత్రం గోడ దాటి మోగుతుంది. నా సాయంత్రం మీకు తెలియాలి, మీ సాయంత్రం నాకు అక్కర్లేదు, ఇదేనా ఒప్పందం? సిగ్గు లేదూ?

ఇంత జరిగాక మొన్న ఫోన్‌లో కొత్త కబురు వచ్చింది. ఇకమీదట మీ క్యాలెండర్ బాగోగులు కృత్రిమ మేధ చూసుకుంటుందట. మీకు ఎప్పుడు ఖాళీయో అదే కనిపెట్టి, అదే మీటింగులు పెట్టేస్తుందట. ఏ క్యాలెండర్ చూసి కనిపెడుతుందో రాయలేదు. అన్ని క్యాలెండర్లనూ చదవడానికి, మార్చడానికి, తీసెయ్యడానికి అనుమతి ఇస్తారా అని కింద అడిగింది. వద్దని చెప్పే బటన్ లేదు. "తర్వాత గుర్తుచేయండి" అన్నది ఒక్కటే ఉంది. అదే నొక్కాను. మర్నాడు పొద్దున ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే నిమిషానికి గుర్తుచేసింది.