ఒక్క నిమిషం, నములుతున్నాను

ఇది జరిగి మూడు రోజులయింది. నా ఫోను స్పీకరులోంచి ఇంకా దప్పళం వాసన వస్తూనే ఉంది కనుక, ఆ వాసన పోయేలోగానే రాసేయడం మంచిదని కూర్చున్నాను.

మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మం ముందు నిలబడ్డట్టనీ, 6.5 అయితే లోపలికి అడుగుపెట్టినట్టేననీ చెప్పి, నడవమని, తగ్గించి తినమని సలహా ఇచ్చి, డాక్టరు గారు తరువాతి పేషెంటును పిలిచారు. అదే వారంలో మా ఆఫీసులో ఉద్యోగుల ఆరోగ్యం కోసమంటూ ‘ఎరుకతో భోజనం’ అనే శిక్షణ తరగతి పెట్టారు. ఒంటిగంటకు పెట్టారు, అంటే భోజనం మానుకుని రావలసిన వేళకు. తలకొక ఎండుద్రాక్ష పంచారు; గుప్పెడు కాదు, ఒక్కటే. దాన్ని చూడాలి, తాకాలి, వాసన పీల్చాలి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి, ఆ తరువాతే నోట్లో వేసుకోవాలి. జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఒత్తిడి తగ్గించుకునే శిక్షణలో ఈ ఎండుద్రాక్ష సాధన ఒక భాగమని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ పూట మాత్రం ఆఫీసు ఖర్చు తగ్గించుకుంటోందనే అనుకున్నాను.

ముద్దకు 32 సార్లు నమలాలని, నములుతుండగా నోరు తెరవకూడదని, ఫోను సైలెంటులో పెట్టి బోర్లించాలని, లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలని శిక్షకురాలు నియమాలు చెప్పింది. ఇలా 21 రోజులు తిని, ప్రతి భోజనానికీ మనకు మనమే మార్కులు వేసుకుని ఆఫీసు యాప్‌లో నమోదు చేయాలి. చేయనివారికి మేనేజరు గారి నుంచి గుర్తుచేస్తూ మెయిలు వస్తుంది. ఆ మెయిలు వచ్చిన పూట మనశ్శాంతి ఎలా ఉంటుందో ఆ తరగతిలో ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదో రోజున తణుకులో మా ఆవిడ తరఫు చుట్టాల పెళ్ళి వచ్చింది.

పెళ్ళిలో బంతిలో చోటు సంపాదించడం ఒక విద్య. మజ్జిగ అన్నం కలుపుతున్నవారి వెనుక వెళ్ళి నిలబడాలి గాని, పప్పు దగ్గరే ఉన్నవారి వెనుక నిలబడకూడదు. నేనూ అలాగే నిలబడి కుర్చీ దక్కించుకున్నాను కనుక ఆ విద్యను తప్పుపట్టలేను. కాని నేను ఆకు మీద ఇంకా నీళ్ళు చల్లుకుంటుండగానే నా కుర్చీ వీపు మీద ఒక చేతిరుమాలు వచ్చి పడింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీదకు విసిరే రుమాలుకు ఎంత హక్కు ఉంటుందో దీనికీ అంతే ఉంటుంది. తిరిగి చూస్తే, పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దాయన నవ్వుతూ, “కానివ్వండి బాబూ, నిదానంగా కానివ్వండి, తొందరేమీ లేదు” అన్నారు. గోదావరి జిల్లాల్లో ఈ మాటకు ‘తొందరగా లేవండి’ అని అర్థం.

మొదటి ముద్ద పనసపొట్టు కూరతో కలిపాను. ఆవ పెట్టిన పనసపొట్టును ఎరుకతో నమిలితే ఏమవుతుందో తెలియనివారికి చెబుతున్నాను: ఆరోసారికి జీడిపప్పు అయిపోతుంది, పద్నాలుగోసారికి ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళు చెమరుస్తాయి, ఆ తరువాత నోట్లో మిగిలేది గోనెసంచి పీచు. దాన్ని పట్టుకుని ఇంకా 18 సార్లు నమలాలి. నోట్లో పళ్ళు 32 కాబట్టి పంటికొకసారి చొప్పున ఈ లెక్క పుట్టిందంటారు. బ్రిటన్ ప్రధానిగా ఉన్న గ్లాడ్‌స్టన్ తన పిల్లలకు ఇలాగే చెప్పేవాడని ఒక కథ కూడా ఉంది. హొరేస్ ఫ్లెచర్ (1849–1919) అనే అమెరికా ఆయన అంతటితో ఆగక, ముద్ద నీళ్ళయ్యేదాకా నమలాలనీ, చివరికి నీళ్ళను కూడా నమలాలనీ ప్రచారం చేశాడు. ఆయనను ఒక్కసారి తణుకు పిలిచి, ఆకులో చారు పోసి, వెనుక ఈ పెద్దాయనను నిలబెట్టి ఉంటే ఆ సిద్ధాంతం అక్కడితో ఆగిపోయేదని నా నమ్మకం. నాకు రెండు జ్ఞానదంతాలు పీకించేయగా మిగిలినవి 30 పళ్ళే కదా, నేను 30 సార్లు నమిలితే సరిపోదా అని కూడా ఆలోచించాను. ఆ ఆలోచనలో లెక్క తప్పి మళ్ళీ ఒకటికి వచ్చాను.

కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది కనుక నిదానంగా తినేవాడు తక్కువతో తృప్తి పడతాడన్న మాటను నేను కాదనను. అయితే ఆకు ఖాళీ చేయడానికి 40 ముద్దలనుకున్నా, క్షణానికొకసారి చొప్పున 1280 సార్లు నమలడానికే 21 నిమిషాలు దాటుతుంది. అడిగి వేయించుకోవడానికి, కలుపుకోవడానికి, వెనుక నుంచి వచ్చే నిట్టూర్పులు వినడానికి పట్టే సమయం అదనం. వడ్డించేవారు మాత్రం 25 నిమిషాల్లో బంతి లేపేస్తారు.

లెక్క 19 దగ్గర ఉండగా బూరెల బేసిను వచ్చింది. “బూరె వెయ్యమంటారా అండీ?” అని అడిగాడు కుర్రాడు. ఒక్క నిమిషం ఆగమని చూపుడువేలు ఎత్తాను. బంతిలో ఎత్తిన వేలికి నిమిషాలతో సంబంధం ఉండదు. ఒక బూరె వేశాడు. 20. అయ్యో, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. దవడలు ఆడిస్తూ తల ఊపితే అది ‘ఇంతేనా?’ అని నిష్ఠూరమాడినట్టు కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. 21. ఇక ఆపమని అరచేయి బాగా చాచి చూపించాను. కుర్రాడు నా ఐదు వేళ్ళనూ ఎగాదిగా చూశాడు, వెనుక ఉన్న పెద్దాయన వంక చూశాడు, పెళ్ళివారి మర్యాదకు లోటు రానివ్వడం ఎందుకని మరో ఐదు వేశాడు. వాడి వెనుకే నెయ్యి జారీతో వస్తున్న మరో కుర్రాడు, ఆరు బూరెలకూ ఆరు చిల్లులు పొడిచి, ఒక్కొక్క చిల్లులోనూ నెయ్యి పొంగేదాకా పోశాడు. 6.1 ఉన్నవాడి ఆకులో ఆరు బూరెలు! నోరు తెరిచి ‘వద్దు’ అనడానికి ఏమైందని మా ఆవిడ తరువాత అడిగింది గాని, నోట్లో పనసపొట్టు ఉంది, నెత్తిన నియమం ఉంది, యాప్‌లో మార్కులున్నాయి.

“పళ్ళు కొత్తగా కట్టించుకున్నారా బాబూ?” అని పెద్దాయన ఆ వరుసంతా వినిపించేటట్టు అడిగారు. జవాబు చెప్పలేక తలూపాను. పక్క కుర్చీలో ఉన్న పిన్నిగారు వెంటనే జాలిపడి, “ఆయనకి ముక్కలు వెయ్యకురా, నమల్లేకపోతున్నారు, పులుసు పొయ్యి” అని కేకేసింది. దప్పళం గిన్నె పట్టుకున్నవాడు ఆవిడ మాట జవదాటకుండా, గుమ్మడికాయ ముక్క గాని, మునక్కాడ గాని పడకుండా గరిటె అంచుతో ఆపుతూ, వట్టి పులుసు రెండు గరిటెలు బూరెల మీద పోశాడు. అది ఆకు దాటి, నియమం ప్రకారం బోర్లించి పెట్టిన నా ఫోను కిందికి పారింది. అప్పటికి 27.

పూర్వం పంక్తిలో అందరూ ఉత్తరాపోశనం పట్టేదాకా ఎవరూ ఆకు ముందు నుంచి కదిలేవారు కారని మా తాతగారు చెప్పేవారు. ఇప్పుడు బల్లల మీద పొడవాటి కాగితం పరిచి, దాని మీద ఆకులు వేస్తున్నారు. బంతి అయిపోగానే ఒక చివర నుంచి కాగితాన్ని ఆకులతో సహా చుట్టుకుంటూ వస్తారు. ఆ చుట్ట ఎవరి కోసమూ ఆగదు. చివరి నాలుగు సార్లూ కళ్ళు మూసుకుని నమిలితే రుచి లోపలికి దిగుతుందని శిక్షకురాలు చెప్పి ఉంది. 28 దగ్గర కళ్ళు మూసుకున్నాను. 32 దగ్గర తెరిచేసరికి నా ముందు ఖాళీ బల్ల ఉంది. ఆకు లేదు, బూరెలు లేవు, ఫోను కూడా లేదు.

మా ఆవిడ తన ఫోనునుంచి పదకొండుసార్లు చేసింది. సైలెంటులో ఉన్న ఫోను ఎక్కడని మోగుతుంది? వంటశాల వెనుక ఉన్న మూడు డ్రమ్ములలో అది రెండోదాంట్లో దొరికింది. పంచె అంచుతో తుడిచి చూస్తే, ‘ఈ భోజనాన్ని ఎంత ఎరుకతో తిన్నారు?’ అని యాప్ అడుగుతోంది.

చేతులు కడుక్కుని నేను హాల్లోకి తిరిగి వచ్చేసరికి పెద్దాయన నా కుర్చీలో కూర్చుని మజ్జిగ దాకా వచ్చేశారు. నన్ను చూడగానే ఆప్యాయంగా నవ్వి, “రండి బాబూ, కూర్చోండి. బూరెలు బాగున్నాయి, ఎన్ని వేళ్ళు చూపిస్తే అన్ని వేస్తున్నారు” అన్నారు.