దొరకని దొరవారికి లైసెన్సుదారు రాయునది

మహారాజశ్రీ 44-40 వించెస్టర్ తూటా గారి దివ్య సముఖమునకు,

విశాఖపట్నం, మహారాణిపేట నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ రైఫిలు కూడా క్షేమం. ఒంటికి నూనె రాసుకుని, ఖాకీ గుడ్డ చుట్టుకుని, ఇనప బీరువాలో నిటారుగా నించుని ఉంది. మీ క్షేమ సమాచారాలు మాత్రం ఎవర్నడిగినా తెలియడం లేదు. మీకో అడ్రసంటూ లేదు కాబట్టి ఈ ఉత్తరం నలుగురిలో రాయాల్సి వచ్చింది. అన్యథా భావించకండి.

మిమ్మల్ని ఎరగని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మీరు 1873లో అమెరికాలో వించెస్టర్ వారి రైఫిలుతో పాటే పుట్టారు. అంగుళంలో నూటికి దాదాపు నలభైనాలుగు వంతుల గొట్టం, 40 గ్రెయిన్ల నల్ల తుపాకిమందు, దాని ముందు 200 గ్రెయిన్ల సీసం, అంటే 13 గ్రాములు. మీ గొప్పంతా బలంలో లేదు, దొరకడంలో ఉంది. 1870ల చివర్లో కోల్ట్ కంపెనీ తన రివాల్వర్ని కూడా మీకు సరిపడేట్టు చేసింది. నడుముకి ఒకే పటకా, అందులో ఒకే రకం తూటాలు, చేతిలో రైఫిలున్నా రివాల్వరున్నా అవే. గోధుమపిండీ, కాఫీగింజలూ అమ్మే దుకాణంలో మీరూ ఉండేవారు. అంత చౌకగా, అంత విరివిగా దొరికేవారన్న పేరు నమ్మే కదా మా తాతగారు మీ రైఫిల్ని కొన్నది!

అది 1892 మోడలు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ మేధస్సు. ఎనిమిది పలకల గొట్టం, గొట్టం కింద తూటాలు వరసగా పట్టే ఇంకో గొట్టం, పిడి దగ్గర, తూటాని పేలే గదిలోకి ఎక్కించే లీవరు. తాతగారు విజయనగరం వైపు ఒక ఎస్టేటులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, సీమకి మూటాముల్లె సర్దుకుంటున్న ఒక దొర దగ్గర తీసుకున్నారు. తర్వాత దొరలు వెళ్ళారు. 1948 చట్టంతో ఎస్టేట్లు వెళ్ళాయి. 1972 వన్యప్రాణి చట్టంతో వేట వెళ్ళింది. వాళ్ళ వెనకే చడీచప్పుడూ లేకుండా మీరూ వెళ్ళిపోయారు. వెళ్ళనివి రెండే: రైఫిలు, దాని లైసెన్సు.

ఆ లైసెన్సు పుస్తకం ఒక్కసారి మీకు చూపించాలని ఉంది. అందులో మీ పేరు స్పష్టంగా ఉంది. ఒక్కసారికి ఎన్ని కొనవచ్చో ఉంది, ఏడాదికి ఎన్ని మించకూడదో ఉంది. కొన్న తేదీ, అమ్మిన డీలరు సంతకం, ముద్ర... అన్నిటికీ గళ్ళున్నాయి. అచ్చం పెళ్ళికొడుకు లేని శుభలేఖ. ఏడాదికి ఇన్నిటికి మించి కొంటే నేరమట. మించడం సంగతి తర్వాత, ఒక్కటి కొని చూపించండి అని ఆ పుస్తకాన్నే అడగాలనిపిస్తుంది.

మీరు నిషిద్ధ జాతి కూడా కారు. .303 వాణ్ణి నిషేధించారు, 9 ఎం.ఎం. వాణ్ణి నిషేధించారు. సైన్యం వాడేవి కాబట్టి జనం ముట్టకూడదన్నారు. సరే, అదొక హోదా. మీరేమో "నిషేధించబడని బోరు" (బోరంటే గొట్టం లోపలి కొలత). నిషేధించి ఉంటే కనీసం గౌరవంగా ఉండేది. మిమ్మల్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ పిలవలేదు కూడా. విదేశీ తూటాల దిగుమతి మామూలు మనుషులకి 1980ల్లోనే మూతపడింది. పేరున్న షూటర్లకి సడలింపులున్నాయి. నాకున్న పేరు మా వీధి చివర దాకా కూడా వెళ్ళదు. పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ పన్నెండు బోరు తూటాలు చేస్తుంది, .315 చేస్తుంది, .32 రివాల్వరువీ చేస్తుంది. మిమ్మల్ని చెయ్యమని ఎవరడుగుతారు? అడిగేవాళ్ళం దేశం మొత్తం మీద ఒక పెళ్ళి పంక్తికి సరిపోతామో లేదో!

ఊళ్ళో తుపాకుల షాపుకి వెళ్తే యజమాని నన్ను చూడగానే టీ చెప్తాడు. సరుకు ఇవ్వలేనివాడు ఇచ్చే మర్యాద అది. 

"ఏటి మాష్టారూ, మళ్ళీ ఆ నంబరేనా?"

"ఆ నంబరే. లైసెన్సులో ఇంకో నంబరు లేదు కదా."

"మా నాన్నగారి హయాంలో ఒక డబ్బా ఉండేదండి. ఎవరో జమీందారు గారి అబ్బాయి పట్టుకుపోయాడు."

ఈ జమీందారు గారి అబ్బాయిని నేను చిన్నప్పట్నించీ వింటున్నాను. ఉత్తరాంధ్రలో ఏ మంచి వస్తువు మాయమైనా ఆయన ఖాతాలోకే వెళ్తుంది.

పక్కనే ఒక బ్యాంకు గన్‌మ్యాన్, తన డబుల్ బ్యారెల్‌కి పన్నెండు బోరు తూటాలు కొనుక్కుంటూ, జాలిపడి ఒక సలహా పారేశాడు: "సార్, .315 పెట్టి చూడకూడదా? అదీ రైఫిలు తూటాయే కదా." బాబూ, అది ఎనిమిది మిల్లీమీటర్లది, ఈ గొట్టం పదకొండుకి దగ్గర. పైగా దాని పొడుగుకి ఈ లీవరు సగంలోనే ఆగిపోతుంది. ఇంకొకాయన ఇంగ్లీషు సినిమాలు ఎక్కువ చూసినవాడు: ".44 మాగ్నమ్ ట్రై చెయ్యండి, నంబరు ఒకటే కదా!" నంబరు ఒకటే. దాని సీసం మీ సీసం కన్నా కాస్త లావు, దాని ఇత్తడి డొక్క వేరే కొలత, దాని లోపలి ఒత్తిడి మీకు రెండింతలు దాటుతుంది. ఎవడో మొండివాడు ఎలాగో ఎక్కించి పేల్చాడే అనుకోండి, మర్నాడు పేపర్లో ఫోటో వచ్చేది జింకది కాదు.

దగ్గరగా చూస్తే మీ రైఫిలు పనితనం ఎంత ముచ్చటైనదో మీరు మర్చిపోయి ఉంటారు, గుర్తుచేస్తాను. కుడి పక్కన స్ప్రింగు మీద ఆడే చిన్న ఉక్కు రేకు ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి తగ్గి, వేలు తియ్యగానే టక్కున మూసుకుంటుంది. మీరు ఒక్కొక్కరే ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి ఒకరి వెనక ఒకరు నించోవాలి. వెనకవాడి ముక్కు ముందువాడి వీపు మీదున్న ప్రైమరుకి, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే బిళ్ళకి, ఆనుతుంది కాబట్టి మీ ముక్కు మొనదేలి ఉండకూడదు, చదునుగా ఉండాలి. లేకపోతే ఒక కుదుపుకి వరసంతా లోపలే పేలుతుంది. ఇంత ఆలోచించి కట్టిన వసారాలో ఇప్పుడు కాపురం ఉంటున్నది గాలి. ఉప్పుగాలి. బీచి రోడ్డు నుంచి మా ఇంటికి ఎంతో దూరం లేదు, వర్షాకాలంలో ఒక్క వారం అశ్రద్ధ చేస్తే గొట్టం మీద కందిగింజంత ఎర్రమచ్చ లేస్తుంది. అందుకని కుట్టుమిషను నూనె, మెత్తటి పంచె ముక్క, నెలనెలా తలంటు. ఆడపిల్లలకి కూడా మా ఇంట్లో అన్ని తలంట్లు జరగలేదని మా ఆవిడ సాధింపు.

ఈ నూనె దగ్గరే చట్టంతో చిక్కొచ్చింది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను చదివాను. పాతకాలపు నమూనా ఆయుధమో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా పేలని స్థితిలో ఉంటే దానికి లైసెన్సు గొడవ లేదంది. అంటే తాతగారు ఆ రైఫిల్ని వర్షంలో పారేసి ఉంటే ఈపాటికి హాల్లో గోడకి తగిలించుకుని, వచ్చినవాళ్ళకి బొబ్బిలి యుద్ధం నాటిదని కోసేవాణ్ణి. ఆయన శ్రద్ధగా చూసుకున్నారు కాబట్టి అది ఆయుధం. పేలగలదు కాబట్టి ఆయుధం. దేనితో పేలుతుంది అని మాత్రం ఏ సెక్షనూ అడగదు. గొట్టంలో సీసం పోయించి చంపెయ్యమని ఒక లాయరు మిత్రుడన్నాడు. మంచి సలహాయే. వింటూ టీ తాగి వచ్చేశాను.

చుట్టూ చూస్తే ఊరు ఊరంతా ఆయుధాగారమే, అదీ నా మంట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన ఊరి మీద బాంబులు వేస్తే, పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లలు దాని పక్కన ఫోటోలు దిగుతారు. ఆర్.కె. బీచిలో జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కురుసుర ఇసక మీదకెక్కి కూచుంది, టిక్కెట్టు కొంటే టార్పెడో గొట్టాల దాకా తీసుకెళ్ళి చూపిస్తారు. దాని ఎదురుగా నౌకాదళం వాడిన టీయూ-142 విమానం. ఇదే ఊళ్ళో నౌకాదళ ఆయుధాల పరిశోధనశాల ఎన్.ఎస్.టి.ఎల్. వారు వరుణాస్త్రం పేరుతో టన్నున్నర బరువుండే టార్పెడోకి రూపకల్పన చేశారు. తూర్పు నౌకాదళం మొత్తం కిటికీలోంచి కనిపిస్తుంది. టన్నున్నర అస్త్రం పుట్టిన ఊళ్ళో పదమూడు గ్రాముల సీసానికి దిక్కులేదు మహాప్రభో!

తూటా లేనిదే తుపాకీ లేదన్న సూత్రం మన మన్యంలో ఎప్పుడో తేలిపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డ అల్లూరి సీతారామరాజు 11 తుపాకులు తీసుకుని ఊరుకోలేదు, 1390 తూటాలు కూడా పట్టుకెళ్ళాడు. తుపాకీ ఒక్కటే చేతికొస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నా దగ్గర తుపాకీ 1, తూటాలు 0. ఈ లెక్కతో తెల్లవాడు ఇంకా ఇక్కడే ఉండేవాడు.

రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు కూడా ఈ సున్నాతోనే తంటా. 2019 సవరణ పుణ్యమా అని మూడేళ్ళ గడువు అయిదేళ్ళయింది, అందుకు ప్రభుత్వానికి కృతజ్ఞతలు. గుమస్తా కుర్రాడు మంచివాడే, పుస్తకం తిరగేస్తూ అడిగాడు.

"గత లైసెన్సు కాలంలో కొన్న తూటాలు?"

"సున్నా."

"వాడినవి?"

"సున్నా."

"మిగిలినవి?"

"సున్నా బాబూ."

"లెక్క సరిపోయిందండి," అని టిక్కు పెట్టాడు. తర్వాత కాస్సేపు నా మొహంకేసి చూసి, "మరి ఈ తుపాకీ ఎందుకండీ మీకు? ఆత్మరక్షణకా?" అన్నాడు. తిరగేసి పట్టుకుంటే మంచి దుడ్డుకర్ర అవుతుందని చెప్దామనుకున్నాను. ఆ దరఖాస్తులో దానికి గడి లేదు.

ఎన్నికలొస్తే ఇంకో వైభోగం. 2024 మే 13 పోలింగుకి ముందు, అందరి ఆయుధాలూ అప్పగించమన్నట్టే నాదీ అప్పగించమన్నారు. సబబే. తెల్ల గుడ్డలో చుట్టి ఆటోలో స్టేషనుకి తీసుకెళ్ళాను. రైటరు రసీదు రాశాడు: రైఫిలు ఒకటి, తూటాలు నిల్. వెనక బెంచీ మీద కూచున్న ఒక పెద్దాయన దాన్ని చూసి చేతులు జోడించాడు, భయంతోనో భక్తితోనో చెప్పలేను. ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాను. ప్రజాస్వామ్యం క్షేమంగా బయటపడింది. పంచె ముక్క పెట్టి తుడిస్తే గొట్టం మీద మళ్ళీ ఎర్రమచ్చ.

అయితే ఒక మాట. మీరు కిళ్ళీ కొట్లో దొరకాలని నేను కోరుకోవడం లేదు. దొరికే దేశంలో మా మేనల్లుడు ఉన్నాడు, వాడి పిల్లలకి బడిలో తుపాకీ పేలితే బల్లల కింద ఎలా దాక్కోవాలో నేర్పుతారట. మన చట్టం గట్టిగా ఉండడమే నాకు ఇష్టం. నా గోలల్లా, మీరు దొరకరని నాకూ తెలుసు, షాపు యజమానికీ తెలుసు, గుమస్తాకీ తెలుసు. అయినా మీరు రేపో మాపో బండి దిగుతారన్నట్టు అందరం గంభీరంగా గళ్ళు నింపుతున్నాం.

మేనల్లుడంటే గుర్తొచ్చింది. డాలస్ నుంచి ఫోను చేసి, "మావయ్యా, ఇక్కడ షాపులో నీ రైఫిలు తూటాలు ఉన్నాయి. యాభై పట్టే డబ్బా. వచ్చేటప్పుడు తెమ్మంటావా?" అన్నాడు. గుండె ఝల్లుమంది. ఆనందంతో కాదు. సూట్‌కేసు అడుగున మర్చిపోయిన ఒక్క తూటా బయటపడ్డా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పోలీసు స్టేషనుకే. "ఒరేయ్, ఆ డబ్బా ఉన్న వరసలోకి కూడా వెళ్ళకు. బాదం పప్పు తే," అన్నాను. వాడు రెండూ తేకుండా చాక్లెట్లు తెచ్చాడు. అక్కడ కొందరు ఖాళీ ఇత్తడి డొక్కల్లో ఇంట్లోనే మందు కూరి మిమ్మల్ని పునర్జన్మ ఎత్తిస్తారట. ఇక్కడ అది లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం కిందకి వస్తుంది, తర్వాతి జన్మ నాకు సెంట్రల్ జైల్లో.

మీ బంధువులు కొందరు ఒకసారి కబురంపారు లెండి. ఒక స్నేహితుడి చుట్టాలింట్లో, అటక మీద, కైనాక్ కంపెనీ వారి పాత తూటాల డబ్బా బయటపడిందన్నాడు. ఫోనులో బొమ్మ చూపించాడు. ఇత్తడి మొత్తం పచ్చగా చిలుం. ఆ కాలపు ప్రైమర్లలో పాదరసం ఉండేది, అది ఇత్తడిని పెళుసు చేసేస్తుంది. పైగా ఆ డబ్బాకి ఏ పుస్తకంలోనూ లెక్క లేదు, ఉంచుకున్నవాడికీ నేరమే, కొన్నవాడికీ నేరమే. ఆ బొమ్మ చెరిపేసి, స్టేషనులో చెప్పి అప్పజెప్పమన్నాను. చెరిపేముందు రెండు వేళ్ళతో పెద్దది చేసి ఒకసారి చూసుకున్నమాట నిజం. ముక్కు చదునుగానే ఉంది.

కాబట్టి తమరికి విన్నవించుకునేదేమంటే, ఎప్పుడైనా మా ఊరు దయచేసే ఉద్దేశం ఉంటే తిన్నగా మా ఇంటికి రావద్దు. ముందు డీలరు దగ్గర దిగండి. స్టాకు రిజిస్టరులో పేరు ఎక్కించుకోండి. నా లైసెన్సు పుస్తకంలో సంతకం, ముద్ర పడ్డాక, బిల్లుతో సహా, పగటిపూట రండి. పుస్తకంలో రాసిన సంఖ్యకి ఒక్కరు ఎక్కువ వచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను, ఏమీ అనుకోవద్దు. ఎన్నికల సీజనులో అసలే వద్దు, రైఫిలు ఇంట్లో ఉండదు.

ఇట్లు,
తమ రాక కోసం అయిదేళ్ళకోసారి రుసుము కడుతున్న
ఒక లైసెన్సుదారు,
మహారాణిపేట, విశాఖపట్నం.

తాజాకలం: షాపు యజమాని ఇందాకే ఫోను చేశాడు. ఎవరో అడుగుతున్నారట, రైఫిలు అమ్ముతారా అని. తూటాలున్నాయా అని ఆయన్ని అడగమన్నాను.