నటాషాకి రెండు నిమిషాలు దొరకలేదా?

అవెంజర్స్ ఎండ్‌గేమ్ (2019) ఎప్పుడు చూసినా నాకు ఒక్క విషయంలో కడుపు మండిపోతుంది. విలన్ థానోస్ చిటికె వేసి లోకంలో సగం ప్రాణుల్ని మాయం చేశాక ఐదేళ్లపాటు ఎవరి దారి వాళ్లు చూసుకుంటే, అవెంజర్స్ హెడ్‌క్వార్టర్స్‌ని అంటిపెట్టుకుని ఉన్నది నటాషా, అంటే మన బ్లాక్ విడో. బల్ల మీద సాండ్‌విచ్ అలాగే ఉంటుంది, ప్రాణస్నేహితుడు క్లింట్ ఏమైపోయాడో విని ఏడుపు ఆపుకోలేకపోతుంది, ఆ ఒక్క సీన్‌లో స్కార్లెట్ జొహాన్సన్ మొహం చూడండి, ఎంత నటించిందో! అలాంటి మనిషి పోయినవాళ్లని వెనక్కి తేవడానికి కావాల్సిన సోల్ స్టోన్ కోసం వోర్మిర్ గ్రహం మీద ప్రాణమిస్తే, మిగతావాళ్లు నీళ్ల ఒడ్డున నిలబడి కాసేపు బాధపడతారు, హల్క్ బెంచీ విసిరేస్తాడు, అంతే, మళ్లీ పనిలో పడిపోతారు.

టోనీ (ఐరన్ మ్యాన్) అంత్యక్రియలకి మాత్రం అందరూ నల్లబట్టల్లో నిలబడతారు, కెమెరా అందరి మొహాల మీదుగా నిదానంగా వెళ్తుంది. టోనీకి ఆ గౌరవం దక్కాల్సిందే, కాదనను. కానీ మూడు గంటల సినిమాలో, 2010 నుంచి ఉన్న పాత్రకి వీడ్కోలు చెప్పడానికి చోటే లేదా? క్లింట్, ఇంకో అవెంజర్ వాండాల మధ్య రెండు మాటలతో సరిపెట్టేశారు. ఇక నటాషా సొంత సినిమా వచ్చింది 2021లో, పాత్రని చంపేశాక! అది ఎప్పుడో, ఆమె కథ ఇంకా నడుస్తున్నప్పుడే తీయాల్సింది.