సీమ మానసిక ఆరోగ్యానికి అరువు లెక్కలు

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం పేరిట కర్నూలు, అనంతపురం, కడపల్లో జరిగే సభల్లో తప్పకుండా వినిపించే అంకె ఒకటుంది. దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారన్నది ఆ అంకె. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలిన లెక్క ఇది. శిక్షణ పొందిన సిబ్బంది ఇంటింటికీ వెళ్లి 34,802 మంది వయోజనులతో మాట్లాడి తీసిన లెక్క కనుక దాని నాణ్యతను శంకించాల్సిన పనిలేదు. కాకపోతే ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. తెలంగాణ లేదు, కర్ణాటకా లేదు. దక్షిణాది నుంచి తమిళనాడు, కేరళ మాత్రమే ఉన్నాయి. రాయలసీమలో ఒక్క ఇంటి తలుపు తట్టకుండా తీసిన సగటును సీమకు అన్వయించి, జిల్లా జనాభాను దానితో గుణించి, ఇంతమంది రోగులున్నారని ప్రకటించడం మనకు అలవాటైపోయింది.

అదే సర్వేలో అస్సాంలో 5.8 శాతం నమోదు కాగా మణిపూర్‌లో 14.1 శాతం నమోదైంది. ఒకే ప్రశ్నావళి, ఒకే పద్ధతి వాడినా ఒక రాష్ట్రానికీ మరో రాష్ట్రానికీ రెండు రెట్లకు మించిన తేడా వచ్చినప్పుడు, మన జిల్లాలు ఆ రెండు కొసల మధ్య ఎక్కడుంటాయన్నది అంచనాతో తేలే విషయం కాదు.

అంకెల గురించి మరో చిక్కు కూడా ఉంది. ప్రపంచ వ్యాధిభార అధ్యయనం భారతదేశానికి సంబంధించి వేసిన అంచనా ప్రకారం 2017లో దేశంలో 19.73 కోట్ల మందికి, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి, మానసిక రుగ్మతలున్నాయి. అందులో కుంగుబాటుతో ఉన్నవారు 4.57 కోట్లు, ఆందోళన రుగ్మతలతో ఉన్నవారు 4.49 కోట్లు. నిమ్హాన్స్ చెప్పిన పదిన్నర శాతం ఇక్కడ 14.3 ఎలా అయిందని అడిగితే, రెండు లెక్కలూ కొలిచినది ఒకటే కాదన్నది సమాధానం. నిమ్హాన్స్ 10.6 శాతం పద్దెనిమిదేళ్లు నిండినవారిది, పైగా అందులో మద్యం వల్ల వచ్చే రుగ్మతలు కలిసి ఉన్నాయి. వ్యాధిభార అధ్యయనం పిల్లలతో సహా అన్ని వయసులవారినీ తీసుకుంది, బుద్ధిమాంద్యాన్నీ ఆటిజాన్నీ లెక్కలో చేర్చింది, మద్యాన్ని మాత్రం వేరే పద్దులో పెట్టింది. ఈ తేడా చెప్పకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, కొద్ది కాలంలోనే రోగులు పెరిగిపోయారని రాసే వార్తలు చూసినప్పుడు విసుగు కలుగుతుంది.

కుంగుబాటు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కూడా ఆ అధ్యయనం చేర్చింది. గమనించదగిన విషయమే కానీ, అది దొరికిన అధ్యయనాలన్నీ పోగుచేసి, దొరకని చోట గణాంక నమూనాలతో ఖాళీలు పూరించి వేసిన అంచనా. ఉరవకొండలోనో, ఆలూరులోనో, పులివెందులలోనో పరిస్థితి ఏమిటో దాని నుంచి తెలియదు.

సర్వే జరిగినా సీమలో కొన్ని సంగతులు దానికి చిక్కకుండా పోయే ప్రమాదం ఉంది. నిమ్హాన్స్ లెక్కలో పురుషుల్లో రుగ్మతల శాతం 13.9 కాగా స్త్రీలలో 7.5 మాత్రమే. కుంగుబాటు, ఆందోళన స్త్రీలలోనే ఎక్కువని ప్రపంచమంతటా అధ్యయనాలు చెబుతుండగా ఇక్కడ పురుషులు పైకి రావడానికి ప్రధాన కారణం మద్యం. ఇక మన దగ్గర శనక్కాయ పంట పోయిన ఏడాది పల్లెల్లో పనిచేసే వయసున్న మగవాళ్లు చాలామంది బెంగళూరులో భవన నిర్మాణాల దగ్గర ఉంటారు. ఇంటింటి సర్వే చేసేవారు వెళ్లే వేళకు ఇంట్లో దొరికేది ఆడవాళ్లూ ముసలివాళ్లూ పిల్లలే. వలస వెళ్లినవారు ఊరి లెక్కలోకీ రారు, బెంగళూరు లెక్కలోకీ సులువుగా రారు. స్త్రీల సంగతి ఇంకో రకం. దిగులుగా ఉందని చెప్పరు, గుండె దడగా ఉందనో, తల తిరుగుతోందనో, ఒళ్లంతా మంటలనో, రాత్రిళ్లు కునుకు పట్టడం లేదనో చెబుతారు. అలా చెప్పినవారికి ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టరు ఒక సెలైన్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ సూది వేసి, నిద్ర కోసం అల్ప్రజోలం బిళ్లలు చేతిలో పెడతాడు. కుంగుబాటు అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకు ఆ బిళ్ల లేనిదే నిద్ర రాని స్థితి దానికి తోడవుతుంది.

ఎంతమందికి జబ్బుందన్న ప్రశ్నకన్నా, నా దృష్టిలో, ఆ సర్వే బయటపెట్టిన రెండో సంగతి ఎక్కువ విలువైనది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలున్నవారిలో 85 శాతం మంది చికిత్సకు దూరంగా ఉన్నారు. మద్యం రుగ్మత ఉన్నవారిలో 86 శాతం, తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారిలో సైతం దాదాపు 74 శాతం మందిది అదే స్థితి. దీనికి వెంటనే చెప్పే కారణం మానసిక వైద్యుల కొరత. కొరత నిజమే. సర్వే జరిగిన రాష్ట్రాల్లో లక్ష జనాభాకు మధ్యప్రదేశ్‌లో 0.05 మంది, మెరుగ్గా ఉన్న కేరళలోనూ 1.2 మంది మానసిక వైద్యులే ఉన్నారు. కానీ వైద్యులు పెరిగేదాకా చేసేదేమీ లేదనుకోవడం తప్పని నిరూపించిన ప్రయోగం మన పొలిమేరలోనే జరిగింది.

1980ల రెండో సగంలో నిమ్హాన్స్ బళ్లారి జిల్లాను ఎంచుకొని, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి ముఖ్యమైన మందులను అందుబాటులో ఉంచి, మానసిక రోగులకు తమ ఊరి దగ్గరే వైద్యం అందించవచ్చని చూపింది. రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు దాకా ఆ బళ్లారి జిల్లాలోనివే. ఆ నమూనా ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. ఆ తర్వాత అది దేశమంతటా విస్తరించింది కానీ, విస్తరించే కొద్దీ పలచబడింది. శిక్షణ పొందిన వైద్యుడు బదిలీ అయితే వచ్చే కొత్త వైద్యుడికి శిక్షణ ఉండదు, నిధులు ఆలస్యమవుతాయి, మందులు ఒక నెల ఉంటే మరో నెల ఉండవు. బళ్లారిలో పనిచేసినది పట్టుదల గల ఒక బృందం. ఆ బృందం స్థానంలో ఒక ఫైలును పెట్టి అవే ఫలితాలు రావాలనుకున్నాం.

సీమలో ఒక రోగి వైద్యం దాకా వచ్చే దారిని గమనిస్తే సమస్య మరింత స్పష్టమవుతుంది. మొదట ఇంట్లో దాచిపెడతారు, పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంటే ఇంకా దాచిపెడతారు. గాలి సోకిందన్న అనుమానంతో తాయత్తు కట్టిస్తారు, ఆంజనేయస్వామి గుడిలో నిద్ర చేయిస్తారు, దర్గాకు తీసుకెళ్తారు. హిందువులు దర్గాకు వెళ్లడం, ముస్లింలు గుడి ప్రసాదం తీసుకోవడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ తర్వాత పట్టణంలో నరాల డాక్టరు. చివరికి బెంగళూరు. రాష్ట్ర ప్రభుత్వ మానసిక వైద్యశాల అనగానే గుర్తొచ్చే విశాఖ రాష్ట్రం మరో కొసన ఉంటే, అనంతపురానికి నిమ్హాన్స్ రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. సీమ జనం రాష్ట్రం దాటి వెళ్లడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు.

గుడులూ దర్గాలనూ మూఢనమ్మకమని కొట్టిపారేయడం పరిశోధన దృష్టితో చూసినా సరికాదు. తమిళనాడులోని ఒక గుడిలో బస చేసిన 31 మంది మానసిక రోగులను పరిశీలించిన వైద్యులు, సగటున ఆరు వారాల బస తర్వాత వారి లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గిందని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అక్కడ వారిని ఎవరూ కట్టేయలేదు, కొట్టలేదు, చేతనైన పని చేసుకుంటూ ప్రశాంతంగా ఉండనిచ్చారు. దానికి సుమారు ఏడాది ముందు, 2001 ఆగస్టులో, అదే తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా సమీపాన నడిచిన ప్రైవేటు వసతి గృహంలో అగ్నిప్రమాదం జరిగితే, గొలుసులతో కట్టేసి ఉన్నందున 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. ఈ రెండు సంఘటనలనూ కలిపి చూడాలి. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గాలో ప్రార్థనతో పాటు మందులూ ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడి ముజావర్లే రోగులను వైద్యుడి దగ్గరకు పంపుతారు. కడపలోనో పెనుకొండలోనో అలాంటి ఏర్పాటు ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు.

ఇటీవలి పరిశోధనల్లో మనకు నేరుగా పనికొచ్చేవి మూడు. మన రాష్ట్రంలోనే, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని గిరిజన గ్రామాల్లో, ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించే ప్రయోగం జరిగింది. మానసిక వైద్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. రెండోది విదర్భలోని అమరావతి జిల్లాది. పత్తి రైతుల ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కిన ఆ జిల్లాకూ, వేరుశనగ రైతుల బలవన్మరణాలతో వార్తల్లోకెక్కిన అనంతపురానికీ పోలికలు చాలా ఉన్నాయి. అక్కడ ముప్పై గ్రామాల్లో స్థానిక కార్యకర్తలు ఊరివాళ్లతో మాట్లాడి, అవసరమైనవారిని వైద్యుడికి చూపించగా, కుంగుబాటుకు వైద్యం కోరినవారు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి చేరారు. మూడోది మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లాది, ఇది నిరాశ కలిగించేది. అక్కడ ప్రధానంగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలోనే మానసిక వైద్యాన్ని కలిపారు కానీ, జనాభా మొత్తం మీద చూస్తే వైద్యం కోరేవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ఆసుపత్రిలో గది తెరిచినంత మాత్రాన రోగి రాడు, ఊళ్లోకి వెళ్లి పిలిచేవారు ఉండాలని అమరావతినీ సీహోర్‌నూ పోల్చినప్పుడు తెలుస్తుంది. పశ్చిమ గోదావరి, అమరావతి ఫలితాలు ముందూ వెనుకా పోల్చి తీసినవనీ, ప్రయోగం జరగని గ్రామాలతో సరిచూసినవి కావనీ కూడా గుర్తుంచుకోవాలి.

ఆత్మహత్యల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అప్పు తీరని రైతు మరణాన్ని మానసిక వ్యాధి ఖాతాలో వేసి, పంటల బీమా, గిట్టుబాటు ధర గురించి మాట్లాడకుండా తప్పించుకోవడానికి ఈ చర్చ సాకు కాకూడదు. అలాగని అప్పుతో పాటు కుంగుబాటూ ఉన్న మనిషికి వైద్యం అక్కర్లేదనీ కాదు. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేసే టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చన్న సంగతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఎరువుల ధరల పక్కన రాసి ఉంటే బాగుంటుంది.

ఇంతకూ ఈ అధ్యయనాల్లో ఎక్కువగా కొలిచేది రోగి వైద్యుడిని చేరాడా లేదా అన్నది. చేరాక ఏమైందన్నదే అసలు సంగతి. కుంగుబాటుకు ఇచ్చే మందు పనిచేయడం మొదలుకావడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కోలుకున్నాక కనీసం మరో ఆరు నెలలు వాడాలి. మొదటి పది రోజుల్లో గుణం కనిపించక మానేసేవారు కొందరైతే, రెండో నెలలో బాగుందని మానేసేవారు కొందరు, మూడో నెలలో బస్సు చార్జీకి డబ్బులు లేక మానేసేవారు మిగతావారు. వైద్యానికీ ప్రయాణానికీ కుటుంబాలు నెలకు సుమారు 1,000 నుంచి 1,500 రూపాయలు ఖర్చుపెడుతున్నాయని 2015-16 సర్వేనే చెప్పింది. తోడు వెళ్లినవారు పోగొట్టుకునే కూలి కూడా కలుపుకుంటే కూలినాలి చేసుకునే ఇంటికి అది భరించరాని భారం. అతి ఉద్వేగం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకు వాడే లిథియం విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని మోతాదు రక్తపరీక్షతో సరిచూసుకుంటూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి చేరుతుంది. మే నెలలో కర్నూలు ఎండలో ఉపాధి పనికి వెళ్లే మనిషికి ఆ మందు రాసిచ్చి, నాలుగు నెలల తర్వాత రమ్మనడం వైద్యం కాదు.

2018 మే నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటిని ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్నివేళలా ఉచితంగా అందుబాటులో ఉంచాలంటుంది. అయితే ఆ హామీ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయి ఆసుపత్రులకే వర్తిస్తుంది. పల్లెకు దగ్గరగా ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామ క్లినిక్ దాని పరిధిలోకి రావు. బీపీ, షుగర్ బిళ్లలను నెలనెలా గ్రామ క్లినిక్‌లోనే ఇస్తున్నప్పుడు, నిపుణుడు ఒకసారి రాసిచ్చిన, కుంగుబాటుకు వాడే ఫ్లుయోక్సెటిన్‌నో తీవ్ర మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడాన్‌నో అదే చోట ఇవ్వడానికి చట్టం మారాల్సిన పనిలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి, ఏఎన్ఎంలకు కొద్దిపాటి శిక్షణ చాలు.

జాతీయ సర్వే రెండో విడతలో అన్ని రాష్ట్రాలనూ చేర్చాలని నిర్ణయించడం మంచి పరిణామం. అయినా అది రాష్ట్ర సగటునే చెబుతుంది, జిల్లాల వారీ చిత్రం ఇవ్వదు. ఆలోగా మన చేతిలో ఉన్న పని మరొకటుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగానికి మొదటిసారి వచ్చినవారిలో ఎంతమంది ఆరో నెలలో కూడా మందులు తీసుకున్నారు, వారిలో స్త్రీలెందరు, ఏ మండలం వారు ముందుగా మానేశారు అన్న లెక్క తీయాలి. ఓపీ రిజిస్టరునూ మందుల పంపిణీ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి పోల్చగల ఒక పీజీ విద్యార్థికి ఇది ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపోయే పని, వైద్య కళాశాలలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి.