కొనుక్కొచ్చిన కారేదో, చేసుకొచ్చిన కారేదో తేలే రూల్ రాయండి

మోడల్ స్మార్ట్ కార్ పోటీ, అంటే గీసిన గీత వెంట తనంతట తానే పరుగెత్తే చిన్న కార్ల పోటీ, డ్రాఫ్ట్ రూల్స్ మన రెండు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల గ్రూపుల్లో తిరగబట్టి నాలుగు రోజులైంది. ఆదివారం రాత్రి లోపు విద్యార్థుల అభిప్రాయాలు పంపమన్నారు. మా డిపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ పీడీఎఫ్ కింద బొటనవేలు ఎత్తిన ఎమోజీలు వరసగా పడ్డాయి గానీ మాట ఒక్కటీ పడలేదు. నేను రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పోయినేడు ఈ పోటీకి కారు చేసుకుని నెల్లూరు వెళ్ళి మూడో రౌండ్‌లో బయటికొచ్చిన టీం మాది. రూల్స్ ఖాయం చేసేముందు మమ్మల్ని అడగడం ఇదే మొదటిసారి, అందుకు నిర్వాహకులకు నిజంగా థాంక్స్. అడిగినప్పుడు నోరు విప్పకుండా, పోటీ అయిపోయాక క్యాంటీన్‌లో కూర్చుని తిట్టుకుంటే ఏం లాభం? అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నాలుగో రూల్. "కారు విద్యార్థులు స్వయంగా తయారు చేసినదై ఉండాలి" అని ఒక వాక్యం, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకంతో ఫారం జతచేయాలని ఇంకో వాక్యం, అంతే. పోయినేడు కూడా ఇవే రెండు వాక్యాలు. అప్పుడేం జరిగిందో చెప్తాను. మా పక్క టేబుల్ మీద ఒక టీం కారు ఉంది, వైర్లన్నీ జడ అల్లినంత నీట్‌గా కట్టి ఉన్నాయి. ప్రాక్టీస్‌లో మలుపు దగ్గరికి రాగానే ఆ కారు ఆగిపోయింది. ఆ అబ్బాయి కంగారుగా ఎవరికో వీడియో కాల్ చేసి ఫోన్‌ను కారు మీదికి పట్టుకున్నాడు. అవతలి మనిషి "సెన్సర్ మీద నీలం రంగు బిళ్ళ ఉంది చూడు బాబూ, దాని స్క్రూ కుడివైపుకు తిప్పు... ఇంకొంచెం... ఆ, చాలు" అని చెబుతుంటే మా దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని తిప్పాడు. సెన్సర్ ఏది నలుపు అనుకోవాలో, ఏది తెలుపు అనుకోవాలో ఆ స్క్రూతోనే సెట్ చేస్తాం. ఐఆర్ సెన్సర్లతో, అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గీతను పసిగట్టే సెన్సర్లతో, సొంతంగా కారు చేసినవాళ్ళు మొదటి వారంలోనే దాన్ని తిప్పీ తిప్పీ వేళ్ళు నొప్పి పుట్టించుకుని ఉంటారు. ఆ అబ్బాయికి అది ఎక్కడుందో కూడా తెలియదు. ఆ కారు మా కారు కంటే ముందు నిలిచింది.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. డబ్బు కడితే కారు, రిపోర్టు, పీపీటీ మూడూ ఒకే కవర్లో పెట్టి ఇచ్చే ప్రాజెక్ట్ సెంటర్లు ఉన్నాయని ప్రతి కాలేజీలో అందరికీ తెలుసు, లెక్చరర్లకూ తెలుసు. 100 మార్కుల్లో 80 ల్యాప్ టైంకి, 20 "డిజైన్, ప్రెజెంటేషన్"కి అని రాస్తే ఎవరైనా కొనడానికే చూస్తారు. ఈసారి డ్రాఫ్ట్‌లోనూ అదే 80, అదే 20. కారు ఎంత వేగంగా తిరిగిందో స్టాప్‌వాచ్ చెబుతుంది, అది ఎవరి చేతిలో తయారైందో చెప్పదు కదా.

మేం చేసుకున్నది ఎలా చేసుకున్నామో కూడా చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. మా కారు తిన్నటి గీత మీద కూడా పాములా మెలికలు తిరిగేది. కేపీ, అంటే గీత తప్పినప్పుడు కారు ఎంత గట్టిగా తిరగాలో కోడ్‌లో చెప్పే అంకె, తగ్గిస్తే మలుపులో బయటికి పోయేది, పెంచితే తోక ఊపేది. ఇలాంటి అంకెలతో కారును గీత మీద నిలిపే పద్ధతే పీఐడీ కంట్రోల్. దాని గురించి పరీక్షలో పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసినవాళ్ళమే, అయినా అందులోని ఇంకో అంకె కేడీ అంటే ఆ ఊగుడును పట్టి ఆపే చెయ్యి అని మాకు తెలిసింది హాస్టల్ మెస్‌లో, రాత్రి బల్లలు పక్కకు జరిపి నేల మీద ట్రాక్ పరుచుకున్నప్పుడు. కోడ్ రాసే అమ్మాయి ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసిన పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఒక్కో అంకె పక్కన "ఊగింది", "బయటికి", "మళ్ళీ ఊగింది", "కొంచెం నయం", పేజీ అడుగున పెద్ద అక్షరాలతో "వచ్చింది!!" అని. పోటీలో ఆ పేజీని చూసినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళూ లేరు.

నేను అడిగేది పెద్ద కష్టమైనదేం కాదు. టైంకి 50 పెట్టండి. మిగతా 50 అక్కడికక్కడ చేసి చూపించే పనికి పెట్టండి. పోటీ రోజు పొద్దున జడ్జీలు అన్ని టీంలకూ ఒకే చిన్న మార్పు చెప్పాలి. "గీతలో పది సెంటీమీటర్ల ఖాళీ వస్తే ఆగకుండా దాటాలి" అనో, "రెండో మలుపు దాటాక మూడు సెకన్లు ఆగి కదలాలి" అనో. ముప్పావు గంట టైం, ఫోన్లు బయట. సొంతంగా కోడ్ రాసుకున్నవాళ్ళకు అది పది పన్నెండు లైన్ల పని. కొనుక్కొచ్చినవాళ్ళకు ఏ ఫైల్ తెరవాలో కూడా తెలియదు. తర్వాత టీంలో జడ్జీలు చూపించిన మనిషి లేచి, తను ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో తెలుగులోనే చెప్పొచ్చని రాయండి. ఇంగ్లీషులో చెప్పాలంటే మా టీంలో సోల్డరింగ్ అంతా చేసిన అబ్బాయి నోరు తెరవడు, ఆ కారు గురించి వాడికి తెలిసినంత మా ముగ్గురికీ తెలియదు.

ఇక ఆరో రూల్, "ఏ బోర్డు అయినా, ఏ సెన్సర్ అయినా వాడవచ్చు." వినడానికి స్వేచ్ఛలాగే ఉంది. ఐదారు వందల ఆర్డునో క్లోన్ బోర్డుతో (కారును నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), ఐదు ఐఆర్ సెన్సర్లతో వచ్చే టీంనీ, వేలు పోసి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కెమెరా పెట్టుకుని వచ్చే టీంనీ ఒకే వరసలో నిలబెడుతుంది ఈ రూల్. ఐఆర్ సెన్సర్‌కు తన ముక్కు కింద గీత తప్ప ఇంకేం కనపడదు, కెమెరాకు రాబోయే మలుపు ముందే కనపడుతుంది. చైనాలో 2006 నుంచి యూనివర్సిటీ విద్యార్థులకు పెద్ద ఎత్తున స్మార్ట్ కార్ పోటీ జరుగుతోంది. అక్కడ ఎక్కువ విభాగాల్లో కారు మోడల్ నిర్వాహకులే చెబుతారు, కంట్రోలర్ చిప్ స్పాన్సర్ కంపెనీదే వాడాలి. కెమెరా కార్లు ఒక విభాగం. ట్రాక్ మధ్యలో వేసిన తీగలో 20 కిలోహెర్ట్జ్ కరెంటు పంపితే దాని అయస్కాంత క్షేత్రాన్ని కాయిల్స్‌తో పసిగట్టి నడిచే కార్లు ఇంకో విభాగం. ఒక విభాగంలో అందరూ ఒకే మోడల్ కారు వాడినప్పుడు తేడా వచ్చేది చేసినవాళ్ళ బుర్రలోనుంచే. మనకు అంత హంగు అక్కర్లేదు, కెమెరా వేరు, మామూలు సెన్సర్లు వేరు అని రెండు విభాగాలు చేసి, రెండింటికీ ఖర్చు పరిమితి పెట్టి బిల్లులు చూడండి చాలు. మేం పొద్దున కావలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై దిగి, ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో మోటార్లు బేరమాడి కొని రాత్రికి తిరిగొచ్చాం. ఆ బిల్లులు మా దగ్గర ఉన్నాయి, అడిగితే సంతోషంగా చూపిస్తాం.

ట్రాక్ సంగతి. డ్రాఫ్ట్‌లో "తెల్లటి ఉపరితలం మీద నల్ల గీత" అని మాత్రమే ఉంది. గీత వెడల్పు లేదు, మలుపు ఎంత బిగువో లేదు, అసలు దేని మీద ప్రింట్ చేస్తారో లేదు. పోయినేడు హాల్లో నేలంతా చీమకుర్తి నల్ల గ్రానైట్, అద్దంలా నున్నగా ఉంది. దాని మీద తెల్ల ఫ్లెక్సీ పరిచారు, ఒక మలుపు దగ్గర గీత ఫ్లెక్సీ అంచుకు జానెడు దూరంలో ఉంది. మా కారు అక్కడ కొంచెం బయటికి జారి గ్రానైట్ మీద పడింది. అన్ని సెన్సర్లకూ ఒకేసారి నలుపు కనపడితే అది అడ్డగీత, నేరుగా వెళ్ళు అని మా కోడ్‌లో ఉంది, చాలామంది కోడ్‌లో అలాగే ఉంటుంది. కారు ఆ నల్ల నేల మీద నేరుగా కుర్చీల దాకా పోయింది. మేం మూడో రౌండ్‌లో బయటికొచ్చింది అలా. గీతకు రెండు పక్కలా కనీసం 30 సెంటీమీటర్లు తెలుపు ఉండాలని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.

ప్రింట్ గురించి కూడా చెప్పాలి, ఇది మేం డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. ప్రాక్టీస్ ట్రాక్ కోసం ఫ్లెక్సీ షాపులో ప్రింట్ వేయించుకున్నాం. కంటికి కాటుక నలుపు, సెన్సర్‌కు మాత్రం తెలుపే. షాపాయన దగ్గరికి తిరిగి పోతే "నల్లగానే ఉండాది గదమ్మా, ఇంకేం కావాల?" అన్నాడు, ఆయన తప్పేం లేదు. నల్ల ఇంకు వాడకుండా ప్రింటర్‌లోని మిగతా మూడు రంగులు కలిపి నలుపు తెప్పిస్తే అది కంటికి నలుపే గానీ ఐఆర్ కాంతిని పీల్చుకోదు. కార్బన్ ఉన్న నల్ల ఇంకు పీల్చుకుంటుంది. రెండోసారి ఉత్త నల్ల ఇంకుతో వేయించాక పని చేసింది. పోటీ ట్రాక్ కూడా ఏదో షాపులోనే ప్రింట్ అవుతుంది కాబట్టి, ఆ ఫైల్ నెల ముందు అందరికీ ఇచ్చి, మెరుపు లేని మెటీరియల్ మీద వేయించి, ఒక ఐఆర్ సెన్సర్‌తో చెక్ చేశాకే పరచండి. మధ్యాహ్నం ఎండ పడే కిటికీలకు పరదాలు కూడా వేయాలి, ఎండలోనూ ఐఆర్ ఉంటుంది, పొద్దున సెట్ చేసుకున్న సెన్సర్ మూడింటికి పనికిరాకుండా పోతుంది. "ట్రాక్ మీద పెట్టాక కారును ముట్టుకోరాదు" అన్న తొమ్మిదో రూల్‌కు ముందు, సెన్సర్లు సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు ఇవ్వండి.

బ్యాటరీ "12 వోల్టులు దాటరాదు" అన్నారు. లేబుల్ మీద వోల్టేజా, మీటర్ చూపించే వోల్టేజా? మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద 11.1 అని రాసి ఉంటుంది, ఫుల్ ఛార్జ్ చేస్తే 12.6 చూపిస్తుంది. పోయినేడు చెకింగ్ టేబుల్ దగ్గర ఒక టీం ఈ రెండు అంకెల మధ్య ఇరుక్కుని, బ్యాటరీ కొంచెం డౌన్ అయ్యేదాకా మోటార్లు ఊరికే తిప్పుతూ నిలబడింది. ఒక్క పదం కలిపితే ఆ టెన్షన్ ఉండదు. ఛార్జింగ్‌కు ఒక విడి చోటు, పక్కన ఇసుక బకెట్టు, చూసుకోవడానికి ఒక మనిషి కూడా కావాలి. ఉబ్బిన లైపోను హాల్లో కుర్చీ కింద ఛార్జింగ్ పెట్టడం నా కళ్ళతో చూశాను.

చెకింగ్‌లో ఫెయిలైతే ఎంట్రీ ఫీజు వెనక్కి రాదన్నారు. కనీసం ఒకసారి సరిచేసుకుని మళ్ళీ చూపించే అవకాశం ఇవ్వండి.

ఇంకొకటి, దీన్ని మగపిల్లలు ఎవరూ రాయరు కాబట్టి నేనే రాయాలి. ప్రాక్టీస్ ట్రాక్ ముందురోజు సాయంత్రం 6 నుంచి 9 వరకు అన్నారు. మా టీంలో నలుగురిలో ముగ్గురం హాస్టల్ అమ్మాయిలం. మా గేటు ఆరింటికి పడుతుంది, ఇలాంటి హాస్టళ్ళు ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. పర్మిషన్ తెచ్చుకోండి అంటారు, పోయినేడు ఆ ఒక్క సంతకం కోసం మూడు రోజులు తిరిగాం, ఆ మూడు రోజులు కారు బీరువాలో ఉంది. ప్రాక్టీస్ పోటీ రోజు పొద్దున 8 నుంచి పెట్టండి, లేకపోతే ముందురోజు మధ్యాహ్నం నుంచి పెట్టండి. మార్కాపురం వైపు నుంచి బస్సులు మారి వచ్చేవాళ్ళకూ అదే మంచిది.

మా టీం అభిప్రాయం శనివారం రాత్రికి మెయిల్ చేస్తున్నాం, పైన చెప్పినవన్నీ రూల్ నంబర్లతో సహా. ఒంగోలు, నెల్లూరు, కందుకూరు, ఎక్కడి కాలేజీ వాళ్ళైనా సరే, పోయినేడు కారు చేసినవాళ్ళు మీకు ఎక్కడ దెబ్బ తగిలిందో ఆ ఒక్క రూల్ గురించైనా నాలుగు లైన్లు రాసి పంపండి. నాలుగో రూల్ గురించి మాత్రం తప్పకుండా రాయండి. ఆదివారం రాత్రి 12 దాకా టైం ఉంది.