ఊ కొట్టే మనిషి

మా నాయినకు దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉంది. నేనుండేది డాలస్‌లో. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే, చలికాలంలో అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర. మార్చిలో ఇక్కడ గడియారం గంట ముందుకు జరపగానే అదే ఫోన్ ఆరున్నరకు మోగుతుంది. సరిగ్గా బర్రె పాలు పిండే వేళ. ఇక మాటలేం సాగుతాయి? ఈ చిన్న సంగతి గమనించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆఫీసు ట్రైనింగుల్లో ఒక లెక్క చెబుతుంటారు: మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55 అని. వీడియో కాల్‌లో మా నాయిన చూపించేది సీలింగ్ ఫ్యాన్. ఆ లెక్కన ఆయన చెప్పేదాంట్లో సగానికి పైగా ఫ్యానే! నిజానికి ఆ లెక్క తీసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ బృందం 1967లో చూసింది ఇష్టాయిష్టాలు తెలిపే తీరును మాత్రమే. మోకాళ్లు పట్టేసిన అమ్మ నీరసంగా "మంచిగనే ఉన్న బిడ్డా" అంటే గొంతునే నమ్మాలి, అక్కడికి ఆ లెక్క పనికొస్తుంది. బోరు ఎన్ని ఫీట్లు దింపారో మాత్రం ముఖం చూసి చెప్పలేం కదా.

నన్నడిగితే, మన ఇళ్లల్లో కరువైంది ఊ కొట్టే మనిషి. చిన్నప్పుడు అవ్వ కథ చెబుతుంటే, మేం ఊ అనకపోతే "పన్నరా?" అని ఆపేసేది. మనమేమో ఇక్కడి మీటింగులకు అలవాటుపడి, అవతలి మనిషి సగం చెప్పకముందే పరిష్కారం చేతిలో పెడుతున్నాం.

పోయినేడు నాయిన "బత్తాయి రేటు పడిపోయింది రా" అన్నాడు. "ఎంత పంపమంటవ్ నాయినా?" అన్నాను. "ఏం వద్దులే, ఉంట మరి" అని పెట్టేశాడు. మర్నాడు అక్క తిట్టింది: "నాయిన నిన్ను పైసలడిగిండారా? తరుగు కాడ దళారితోని కొట్లాటయింది. నీతోని చెప్పుకుందామని వారం సంది చూస్తుండు."

తర్వాతి శనివారం గంట ఆలస్యంగా ఫోన్ చేశాను. "ఆ దళారి ఏమన్నడు నాయినా?" అన్నాను. ఇరవై నిమిషాలు చెప్పాడు. నేనన్నవి మూడే: ఊ, గట్లనా, మరి నువ్వేమన్నవ్. నష్టమెంతో అడగలేదు. చివర్లో తనే చెప్పాడు. నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు.